బండల మిద్దెకు డిష్ బిగించిన ఏడాది

మదనపల్లెలో నేనుంటున్న అపార్ట్‌మెంటులో పై అంతస్తు వాళ్ళు ఏసీ పెట్టించుకుంటున్నారు. పొద్దుటి నుంచీ డ్రిల్లింగ్ మిషను మోత. గోడకు చెయ్యి ఆనిస్తే ఆ అదురు మోచేతిదాకా పాకుతోంది. కిటికీలోంచి సన్నటి సిమెంటు పొడి వచ్చి వంటగట్టు మీద పడింది. అది తుడిచి హాల్లోకి వచ్చాక, నాకు తెలియకుండానే గది మధ్యలోంచి గోడవారకు జరిగి నిలబడ్డానని గమనించాను. ఈ అలవాటు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. పుంగనూరులో అలివేలమ్మ దగ్గర నుంచి వచ్చింది. ఆమె కుప్పంలో కూతురి ఇంట్లో పోయి ఏడాది కావస్తోంది. కర్మలకు వెళ్ళినప్పుడు అక్కడివాళ్ళు ఆమె చేతి వంట గురించి, ఉపవాసాల గురించి చాలా చెప్పారు. ఆమె భయం గురించి ఒక్కరూ మాట్లాడలేదు. పోయిన మనిషిని గురించి అలాంటిది చెప్పకూడదనుకున్నారేమో. నాకు ఆమె ఇచ్చిపోయింది అదే కాబట్టి నేను రాస్తున్నాను.

రెండువేల దశకం మధ్య రోజుల్లో నేను పుంగనూరులో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. అలివేలమ్మ ఇంట్లో వెనక గది అద్దెకు తీసుకున్నాను. ఆమెకు అప్పటికే అరవై దాటాయి. భర్త లేడు. ముందు వైపున్న చిల్లర అంగడిని ఆమె మరిది నాగరాజప్ప నడిపేవాడు. ఇల్లు ఇద్దరికీ ఉమ్మడి. ఆమె మామగారు కట్టించిన ఇల్లది. గోడలు రాతివి. కప్పు కూడా రాయే. ఒక గోడ మీద నుంచి ఇంకో గోడ మీదకు పొడవాటి నల్లరాతి బండలు పక్కపక్కన పరిచి, పైన సున్నపు గచ్చు వేశారు. మా వైపు దాన్ని బండల మిద్దె అంటారు. ఎండాకాలంలో లోపల చల్లగా ఉండేది. ఆ కప్పులో ఇనుము లేదు, దూలం లేదు. ప్రతి బండా తన బలం మీద తానే నిలబడి ఉంటుంది. చాన్నాళ్ళు ఆ కింద తిరిగాను గాని, ఈ సంగతి ఎప్పుడూ నా ఆలోచనలోకి రాలేదు.

వీధిలో ఆమెకు పిరికి అలివేలమ్మ అని పేరు. పొయ్యి ఆర్పిన తరువాత మళ్ళీ వచ్చి చూసేది. బావి దగ్గర ఎవరి పిల్లలున్నా చెయ్యి పట్టుకుని ఇవతలకు లాగేది. నేను బడికి బయలుదేరుతుంటే గడప దగ్గరికి వచ్చి, "రోడ్డు దాటేటప్పుడు బస్సును సూడొద్దమ్మా, డ్రైవరు మొగం సూడు. వాడు నిన్ను సూసినాడో లేదో తెలుసుకోని దాటు" అనేది. నాకు నవ్వు వచ్చేది. ఒక్కోసారి విసుగు కూడా వచ్చేది. కానీ ఆ మాట విన్న తరువాత డ్రైవరు ముఖం చూడకుండా రోడ్డు దాటడం నా వల్ల కాలేదు. ఇప్పటికీ కాదు.

డిష్ వచ్చిన రోజు ఆమె ఊళ్ళో లేదు. చుట్టాల ఇంట్లో సీమంతానికి వెళ్ళింది. నాగరాజప్పకు వీధి కేబులు మీద విరక్తి పుట్టి, మదనపల్లెలో ఒక అంగడిలో మాట్లాడి డిష్ తెప్పించాడు. ఇద్దరు మనుషులు వచ్చి మిద్దె ఎక్కారు. పిట్టగోడ లేని మిద్దె. గచ్చు గీకేసి నేరుగా బండలోకే బొక్కలు తొలిచి, స్తంభం నిలబెట్టి, బోల్టులు బిగించారు. బొమ్మ రాలేదు. పక్కింటివాళ్ళు కొత్తగా లేపిన అంతస్తు అడ్డమొచ్చింది. బోల్టులు పీకి జానెడు పక్కకు జరిపి మళ్ళీ తొలిచారు. కింద టీవీ ముందు నిలబడి నాగరాజప్ప కేకలు వేస్తున్నాడు.

"రాలేదప్పా! ఇంకా పక్కకు జరుపు! ఆ... వచ్చె! వచ్చె! రేయ్, పాయె! యాల కదిలిస్తివి?"

"మేం కదిలీలేదన్నా, నువ్వు అరిసేదానికే పోతాండాది!" అని పైనుంచి జవాబు.

బండల సందుల్లోంచి పాతకాలపు మట్టి హాలు నిండా రాలింది. చివరికి బొమ్మ నిలిచింది. నాగరాజప్ప వాళ్ళకు కలర్ సోడాలు తెప్పించి పంపించాడు.

సాయంత్రం అలివేలమ్మ వచ్చింది. టీవీ చూసి ముచ్చటపడింది. చెప్పులు విడిచి హాల్లోకి అడుగు పెట్టగానే ఆగింది.

"ఈ పొడి యాడిది నాగరాజా?"

"పైన డిష్ బిగిచ్చినారు వదినా."

"యాడ? గోడకా?"

"గోడకు పెడితే సిగ్నలు రాదంట. బండకే బిగిచ్చినారు. కదల్దు, ఏనుగొచ్చి లాగినా కదల్దు."

ఆమె నిచ్చెన వేయించుకుని, ఆ వయసులో, మిద్దె ఎక్కింది. దిగి వచ్చేటప్పటికి ముఖంలో రంగు లేదు. "అన్ని బొక్కలు యాల పొడిచినారు? ఒకే బండకు, నడిమధ్యన, అడ్డంగా వరస పెట్టి పొడిచినారే" అంది.

"వరసగా ఉంటే సూసేదానికి అందంగా ఉంటాదని" అని నాగరాజప్ప నవ్వాడు. ఆమె నవ్వలేదు. హాలు మధ్యలో ఉన్న తన చాపను గోడవారకు లాక్కుంది.

మర్నాడు వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ నాకు చెప్పింది. ఆమె పుట్టిల్లు కుప్పం దగ్గర. తండ్రి రాతి క్వారీలో మేస్త్రీ. చిన్నప్పుడు ఆయనకు సంగటి క్యారియరు తీసుకుపోయేది.

"రాయిని యెట్ల సీలుస్తారో తెలుసా టీచరమ్మా నీకు? ఉలితో వరసగా గుంతలు పొడుస్తారు. ఒక్కో గుంతలో ఒక్కో ఇనప చీల దిగ్గొడతారు. ఒకదాని తర్వాత ఒకదాన్ని మెల్లిగా, టంగు టంగుమని. రాయి పగల్దు. అప్పుడు సమ్మెట్లు ఆడ పడేసి కూడు తినేదానికి పోతారు. తినొచ్చేలోపల అదే పగిలుంటాది. ఎవురూ కొట్టకుండానే. మా నాయన కేకలేస్తాండె, కూడు తినేటప్పుడు ఎవురూ రాయి కింద నీడకు పోవద్దని. ఒక దినం ఒకామె పోయింది. చంటిబిడ్డకు పాలిచ్చేదానికి, ఎండకు తాళలేక." ఆమె చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

హాలు వైపు చూసి అంది. "మన బండలో వరసగా గుంతలుండాయి. అందులో బోల్టులు దిగ్గొట్టినారు. చీలలు గాక యేమమ్మా అవి?"

"మరి పగిలేదుంటే ఈపాటికి పగిలుండాలి కదా పెద్దమ్మా?"

"అదే తెలీదు. ఇప్పుడు మనం కూడు తినే పొద్దులో ఉండాం."

ఆ మాట విన్న తరువాత నేను ఆ ఇంట్లో మామూలుగా నిద్రపోలేదు. నా గది మీది బండ వేరు, హాలు మీది బండ వేరు. అయినా పడుకుని పైకి చూస్తే రాయి నా ముఖం మీదకు దిగుతున్నట్టుండేది. భయం ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందని పుస్తకాల్లో చదివాను. అంటుకునేది భయం కాదని, చూపు అని నాకు అప్పుడు తెలిసింది. ఆమె చూసినది నాకూ కనిపించడం మొదలైంది.

మొదటి వానకు బొక్కల్లోంచి నీళ్ళు దిగాయి. తడి ఆరిన తరువాత బండ అడుగున వెంట్రుకంత గీత ఒకటి కనిపించింది. అది పగులో, రాతిలో పుట్టుకతో ఉన్న చారో చూసినవాళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. తాపీమేస్త్రీ వచ్చి చూసి చారే అన్నాడు. అలివేలమ్మ స్టూలెక్కి ఆ గీతకు అడ్డంగా సున్నం పూసింది. గీత విచ్చుకుంటే సున్నం చిట్లుతుంది. రోజూ పొద్దున స్నానం కాగానే వెదురు కర్ర తీసుకుని బండను అక్కడక్కడా తట్టి చెవి రిక్కించేది. గట్టి రాయి కంగుమంటుంది. చెడిన రాయి మొద్దుగా పలుకుతుంది. ఆ తట్టుడు వినిపించగానే నాగరాజప్ప అంగడిలో నుంచి, "మా వదిన మిద్దెకు జ్వరం సూస్తాండాది! ఈపొద్దు ఎంతుండాది వదినా?" అని కేకేసేవాడు. బేరానికి వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె తట్టడం ఆపేది కాదు.

ఆమె భయమంతా తన గురించి అయితే ఇంత బాధ ఉండేది కాదు. కొత్త టీవీలో బొమ్మ అద్దంలా ఉందని వీధి వీధంతా సాయంత్రమయ్యేసరికి సీరియళ్ళకు వచ్చేది. ఆడవాళ్ళు, చంకల్లో పిల్లలు, ఊతకర్రలతో ముసలివాళ్ళు. అందరూ సరిగ్గా ఆ బండ కిందే కూర్చునేవాళ్ళు, టీవీకి ఎదురు అదే కాబట్టి. గోడవారకు జరగమంటే బొమ్మ కనపడదనేవాళ్ళు. వచ్చినవాళ్ళను పొమ్మనడం ఆ వీధిలో ఎవరూ చెయ్యని పని. ఆమె మొదట కరెంటు లేదంది. తరువాత తలనొప్పి అంది. అబద్ధాలు చేతకాని మనిషి. చివరికి నిజమే చెప్పింది. అందరూ ఒకేసారి తలలెత్తి పైకి చూశారు. ఒకేసారి నవ్వారు.

"మీ మామ కట్టిచ్చిన మిద్దె పెద్దమ్మా ఇది. మా తాతలు పోయినారు, ఇది పోలేదు" అని ఒక ముసలాయన అన్నాడు.

ఎదురింటి గౌరమ్మ మాత్రం నవ్వలేదు. "మేం వచ్చి కూర్చుంటే బండ పడతాదా? మా బరువు నేల మీద కదా ఉండేది, మిద్దె మీద ఉండాదా? రావద్దంటే రావద్దని చెప్పొచ్చు. దానికి రాయి మీద సాకు యాల?" అని లేచి పోయింది. మర్నాటి నుంచి గౌరమ్మ పలకరించలేదు. డిష్ వచ్చినాక ఆయమ్మకు కండ్లు నెత్తికెక్కినాయని కొళాయి దగ్గర అనుకోవడం నేను విన్నాను. నలభై ఏళ్ళు ఆ వీధిలో అందరి పురుళ్ళకూ కషాయాలు కాచి ఇచ్చిన మనిషి. ఆ మాట చెవిన పడిన రోజు అన్నం తినలేదు. అయినా సాయంత్రం హాలు తలుపుకు గొళ్ళెం పెట్టింది. ఆమె పొరుగింటికి పోగానే నాగరాజప్ప వచ్చి ఆ గొళ్ళెం తీశాడు.

ఒక ఆదివారం నన్ను తోడు తీసుకుని మదనపల్లెకు బయలుదేరింది. టమోటా కాలం. మార్కెట్టు యార్డు దగ్గర లారీలు అడ్డం పడి బస్సు చాలాసేపు కదల్లేదు. ఆమె ఏం చెప్పాలో లోలోపల అనుకుంటూ కూర్చుంది. డిష్ అమ్మిన అంగడి యజమాని కుర్రవాడే, మర్యాదస్తుడే. కుర్చీలు వేయించాడు.

"సిగ్నలు వస్తాండాదా అమ్మా?"

"వస్తాండాది నాయనా."

"వానొచ్చినప్పుడు పోతాండాదా?"

"లేదు. బాగుండాది."

"అట్లయితే కంప్లైంటు ఏముండాదమ్మా?"

"సిగ్నలు బాగుండాదప్పా. మిద్దే బాగలేదు."

ఆమె బొక్కల వరస గురించి, చీలల గురించి చెప్పింది. అతను ఓపికగా విన్నాడు. మనిషిని పంపించి బొక్కలకు సిమెంటు పెట్టిస్తానన్నాడు. "నీ ఇల్లు గూడా బండల మిద్దేనా?" అని ఆమె అడిగింది. "లేదమ్మా, మాది స్లాబు" అన్నాడు. ఆమె తల ఊపి లేచింది. మనిషి వచ్చాడు, సిమెంటు పెట్టాడు, డిష్‌ను గోడకు మార్చమంటే సిగ్నలు రాదన్నాడు, పోయాడు. బండ దించుదామంటే వానలు పోనీ అన్నాడు నాగరాజప్ప.

వానలు పోలేదు. ఆ సంవత్సరం ముసురు పట్టింది. గచ్చు నాని మిద్దె బరువెక్కింది. ఒక పొద్దున ఆమె నన్ను పిలిచి పైకి చూపించింది. సున్నం మీద సన్నగా, గోటితో గీసినట్టు చిట్లు. ఎండి చిట్లిందో, గీత విచ్చుకుని చిట్లిందో ఇద్దరం చాలాసేపు చూశాం. చెప్పలేకపోయాం. ఆమె చెయ్యి నా మణికట్టు మీద ఉంది.

ఆ సాయంత్రమే ఏదో సీరియల్ ఆఖరి భాగం. నాగరాజప్ప తలుపులు బార్లా తెరిచాడు. వాన పడుతున్నా జనం వచ్చారు. గౌరమ్మ కూడా పంతం వదిలి మనవరాలితో వచ్చి మధ్యలో కూర్చుంది. అలివేలమ్మ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినీ బతిమాలింది. "ఈ ఒక్కదినం పోండమ్మా. మీ కాళ్ళు పట్టుకుంటా." ఎవరో టీవీ గొంతు పెంచారు. నాగరాజప్ప, "వదినా, పరువు తీయొద్దు" అన్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్ళి కూరగాయల కత్తితో వచ్చింది. కిటికీ దగ్గర వేలాడుతున్న డిష్ తీగను పట్టుకుని కోసింది. అది తొందరగా తెగలేదు. రంపంలా అటూ ఇటూ కోస్తుంటే అందరూ ఆమెనే చూస్తున్నారు. బొమ్మ పోయింది. ఒక్క క్షణం వాన చప్పుడే వినిపించింది. ఆ తరువాత తిట్లు మొదలయ్యాయి. తిక్కముండ అని ఎవరన్నారో నాకు తెలుసు, రాయను. ఒక్కొక్కరే చాపలు చుట్టుకుని లేచారు. ముసలివాళ్ళు లేవడానికి చాలాసేపు పట్టింది. అప్పుడు నేను చూశాను. ఆమె కిటికీ దగ్గర లేదు. సరిగ్గా ఆ గీత కింద నిలబడి ముసలివాళ్ళకు చెయ్యి ఇచ్చి లేపుతోంది. పెదవులు తెల్లబడి ఉన్నాయి. అందరూ దాటేదాకా అక్కడి నుంచి కదల్లేదు. నేను గోడకు అంటుకుని, "రా పెద్దమ్మా, రా" అని పిలుస్తూ ఉండిపోయాను.

బండ పడలేదు. ఆ రాత్రీ పడలేదు, ఆ వారమూ పడలేదు. వానలు వెలిశాక నాగరాజప్ప, "ఆ బండేదో దించి సూపిస్తా, ఈ తిక్క వదిలిపోతాది" అని కుప్పం వైపు నుంచి రాతిపని మనుషులను పిలిపించాడు. వాళ్ళు మోకులు కట్టి బండను దించి వీధిలో రెండు దిమ్మెల మీద పెట్టారు. చూడటానికి వీధంతా వచ్చింది. గీతను చూసి పెద్ద పనివాడు, "పగలొచ్చు, పగలకపోవచ్చు. రాయి గదన్నా, దాని లోపల ఎవురు సూసినారు" అన్నాడు. నాగరాజప్ప సమ్మెట తీసుకుని బొక్కల వరస మీద కొట్టమన్నాడు. అతను కొట్టాడు. కంగుమంది. మళ్ళీ కొట్టాడు. ఇంకోసారి, బలంగా. బండ పగల్లేదు.

జనం ఈలలు వేశారు. "సూసినావా వదినా! సూసినావా!" అని నాగరాజప్ప ఆమె చుట్టూ తిరిగాడు. గౌరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. సిగ్గుతో నా ముఖం కాలిపోయింది. అలివేలమ్మ వైపు చూడలేకపోయాను. చూసేసరికి ఆమె కూడా నవ్వుతోంది. కళ్ళ వెంట నీళ్ళు కారేటట్టు, అందరికంటే ఎక్కువగా, నడుము పట్టుకుని నవ్వుతోంది. "పగల్లేదు కదప్పా! మంచిదే కదా! ఎంత మంచిది!" అంటోంది.

లోపలికి వచ్చాక నేను అడిగాను. "ఊరంతా నవ్వినారు కదా పెద్దమ్మా. నీకేమీ అనిపించలేదా?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "బయపడేది అది నిజం కావాలనా టీచరమ్మా? కాకూడదనే కదా."

ఆ మాటను నేను చాలా ఏళ్ళు మోశాను గాని, దాని బరువు ఈమధ్యే తెలిసింది. ఇప్పుడు నేనొక బడికి హెడ్‌మిస్ట్రెస్‌ని. పోయిన వానాకాలం ఐదో తరగతి గదిలో ఒక ఫ్యాను తిరుగుతుంటే కొక్కెం దగ్గర ఏదో కదిలినట్టు కనిపించింది. పిల్లలందరినీ వరండాలోకి పంపేశాను. అక్కడే, వాన జల్లులో, చాపల మీద పాఠం జరిగింది. మేస్త్రీ వచ్చి చూసి కొక్కెం గట్టిగానే ఉందన్నాడు. తోటి టీచర్లు ముఖాలు చూసుకున్నారు. ఒకాయన, "మేడమ్‌కు ఫ్యాను గాలి పడదు" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వులపాలవుతానన్న భయం నాకు ఇప్పటికీ ఉంది. ఆమెలా నడుము పట్టుకుని నవ్వడం నాకింకా రాలేదు. ఆ రోజు కొంచెం ప్రయత్నించాను.

ఆ ఫ్యాను ఇప్పటికీ అక్కడే తిరుగుతోంది. దాని కింద మాత్రం బెంచీ వెయ్యనివ్వలేదు.